గీతల్లో ఓ ఇల్లు... కొలతల్లో ఓ కొట్టు!

ఇంటీరియర్ డిజైన్ అంటే ఖరీదైన సోఫాలూ రంగురంగుల పరదాలూ అనుకుంటాం. ఆ కోర్సు చదివే పిల్లల్ని అడిగితే మరోలా చెబుతారు. వాళ్ల క్లాసు ప్రాజెక్టుల్లో ముందుండేది మనిషి. గోడ ఆ తర్వాతే!

రాత్రి రెండు గంటలు. ఇల్లంతా నిద్రపోతోంది. డెబ్బైఅయిదేళ్ల నాయనమ్మకి మెలకువ వచ్చింది. బాత్‌రూమ్‌కి వెళ్లాలి. మంచం దిగితే కాలికి ఏం తగులుతుంది? స్విచ్చు చేతికి అందుతుందా, చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లాలా? బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? అక్కడ గడప ఎంత ఎత్తుంది? నేల తడిగా ఉంటే పట్టుకోవడానికి గోడకి ఏమైనా ఉందా?

ఇవి డాక్టరు అడిగే ప్రశ్నలు కావు. ఇంటీరియర్ డిజైన్ క్లాసులో అడిగేవి. ఇరవై ఏళ్లైనా నిండని విద్యార్థిని తను గీసుకొచ్చిన ఇంటి బొమ్మ ముందు నిలబడి, వీటికి ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలి. తడబడిందా... మళ్లీ మొదటి నుంచీ గీసుకురావాల్సిందే.

ఆ చదువులో రెండు ప్రాజెక్టులు ముఖ్యమైనవి. ఒకటి ఇల్లు, రెండోది వ్యాపార స్థలం. ఆ రెండింటిలో ఏం నేర్పుతారో తెలియాలంటే వాటిని మనకు తెలిసిన ఊళ్లో పెట్టి చూడాలి. అందుకు మహేశ్వరాన్ని మించిన చోటు ఉండదేమో!

పొలాల పక్కన లిఫ్టులు

మహేశ్వరం అంటే ఒకప్పుడు శివగంగ రాజరాజేశ్వరాలయం, దాని కోనేరు గుర్తొచ్చేవి. అక్కన్న మాదన్నల పేరుతో ముడిపడిన గుడి అది. మిగతాదంతా పొలాలూ తోటలే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల బతుకే మారిపోయింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చింది. తుక్కుగూడ, రావిర్యాల పక్కన పరిశ్రమలు వెలిశాయి. శ్రీశైలం రోడ్డు మీద మహేశ్వరం గేటు నుంచి చూస్తే, నిన్నటి దాకా జొన్న చేలున్న చోట ఇవాళ అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి.

ఊరు మారినంత తొందరగా మనుషుల అలవాట్లు మారవు. అరుగు మీద కూర్చుని పొద్దు పుచ్చిన పెద్దమనిషి నాలుగో అంతస్తులో ఎక్కడ కూర్చోవాలి? ఏడాదికి సరిపడా బియ్యం, పచ్చడి జాడీలు, పండక్కి మాత్రమే తీసే పెద్ద గిన్నెలు ఏడడుగుల వంటగదిలో ఎక్కడ సర్దాలి? పరుపులూ దుప్పట్లూ దాచే అటక ఏది? ఇంటీరియర్ డిజైన్ విద్యార్థికి ఇవ్వాల్సిన లెక్కంటే ఇదే.

పరీక్ష పేపరు లేని చదువు

ఈ కోర్సులో సగం చదువు ‘స్టూడియో’లోనే జరుగుతుంది. అంటే గురువుగారు పాఠం చెబితే రాసుకునే క్లాసు కాదు. పొడవాటి బల్లలు, గీతల కాగితాలు, అట్టముక్కలు, బ్లేడు, జిగురు. పక్కనే కంప్యూటర్లు. మొదట ఓ సమస్య ఇస్తారు. ‘ఫలానా కుటుంబం, ఫలానా కొలతల ఇల్లు, ఫలానా బడ్జెట్’ అని రాసిన ఆ కాగితాన్ని ‘బ్రీఫ్’ అంటారు. కొన్ని వారాల తర్వాత జవాబు పట్టుకురావాలి. జవాబంటే వ్యాసం కాదు. పైనుంచి చూస్తే కనిపించే ప్లాను, నిలువునా కోస్తే కనిపించే సెక్షను, గోడకి ఎదురుగా నిలబడి చూసే ఎలివేషను, రంగులూ గుడ్డలూ చెక్కలూ అతికించిన బోర్డు, అట్టతో చేసిన చిన్న నమూనా, వాటితోపాటు ఖర్చుల పట్టిక.

చివర్లో ‘జ్యూరీ’. అధ్యాపకులతో పాటు బయటినుంచి వచ్చిన ఆర్కిటెక్టులూ డిజైనర్లూ వరసగా కూర్చుంటారు. విద్యార్థి తన బొమ్మల్ని గోడకి అంటించి, ఏది ఎందుకలా గీసిందో చెప్పాలి. ‘అందంగా ఉంటుందని’ అన్నది అక్కడ జవాబు కాదు. ‘ఎవరికి ఉపయోగం?’ అన్నదే ప్రశ్న.

నిజానికి మనదేశంలో డిజైన్ చదువు మొదలైందే ఇలాంటి ప్రశ్నలతో. 1958లో అమెరికా డిజైనర్ దంపతులు ఛార్లెస్, రే ఈమ్స్ భారత ప్రభుత్వానికి ఓ నివేదిక ఇచ్చారు. అందులో వాళ్లు తెగ మెచ్చుకున్న వస్తువు మన చెంబు! ఎన్ని నీళ్లు పడతాయి, నడుమున పెట్టుకుంటే ఎలా ఆనుతుంది, వంచితే ఎలా ధార కడుతుంది, చేత్తో తోమడం తేలికేనా... ఒక చెంబు వెనక ఎన్ని ఆలోచనలు ఉంటాయో వివరించారు. ఆ నివేదిక ప్రేరణతోనే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది. చెంబుని అడిగిన ప్రశ్నల్నే ఇవాళ పిల్లలు ఇంటిని అడుగుతున్నారు.

మొదటి ప్రాజెక్టు: ఇల్లు

మహేశ్వరం దగ్గర రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం. కరపత్రంలో 1,100 చదరపు అడుగులని ఉంటుంది. టేపు పట్టుకుని లోపల కొలిస్తే అంత రాదు. మెట్లు, లిఫ్టు, వరండాల్లో వాటా కూడా అందులో కలిపేస్తారు కాబట్టి. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం గోడల మధ్య నిజంగా వాడుకునే చోటుని ‘కార్పెట్ ఏరియా’గా నిర్వచించింది. విద్యార్థికి మొదటి పాఠం అదే... కాగితం మీది అంకెని నమ్మకు, టేపుని నమ్ము.

ఆ ఇంట్లో ఐదుగురు. ఇంటాయనది ఎయిర్‌పోర్టులో షిఫ్టు ఉద్యోగం. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. ఇల్లాలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుంది. ఎనిమిది చదివే అమ్మాయి, ఐదు చదివే అబ్బాయి. ఊళ్లో పాతిల్లు వదిలి కొడుకుతో వచ్చేసిన నాయనమ్మ. ఇదీ బ్రీఫ్.

తొలిసారి ఈ లెక్క చేసే విద్యార్థిని ఏం చేస్తుంది? మనలో చాలామంది చేసేదే. టీవీ గోడకి చెక్క పలకలు, పైన ఫాల్స్ సీలింగ్, హాల్లోకి అడుగు పెట్టగానే కనిపించేలా జాలీ చెక్కడంతో ఓ పార్టిషను. పెద్ద గది దంపతులకి. చిన్న గది నాయనమ్మకీ మనవరాలికీ. బొమ్మ చూస్తే పత్రికలో అచ్చయిన ఫొటోలా ఉంటుంది.

అక్కడే జ్యూరీ మొదటి ప్రశ్న వేస్తుంది. ‘నాయనమ్మ మంచం నుంచి బాత్‌రూమ్‌కి ఎన్ని అడుగులు?’ లెక్కపెడితే ఇరవై నాలుగు. గది దాటి, భోజనాల బల్ల చుట్టూ తిరిగి, రెండు గడపలు దాటి. అటాచ్‌డ్ బాత్‌రూమేమో పడుచువాళ్ల గదికి ఉంది!

ఇదేమంత పెద్ద విషయం అనిపించవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కిందపడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. అరవై దాటినవాళ్లే ఎక్కువ. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లు మనకు తెలిసిన ఇళ్లల్లోనూ ఉంటారు. అలా పడేది ఏ కొండమీది నుంచో కాదు, సొంత బాత్‌రూమ్‌లోనే.

గదులు మార్చేస్తే సరిపోదా? సరిపోదు. పగలు పడుకునే ఇంటాయనకి చిన్న గది పనికిరాదు. దాని కిటికీ తూర్పుకి ఉంది, వంటగది గోడకి ఆనుకుని ఉంది. మిక్సీ తిప్పితే నిద్ర పాడే. ఒకరి కష్టం తీర్చబోతే మరొకరికి కష్టం. ఇంటి డిజైన్‌లో అసలు చిక్కు ఇదే. బడ్జెట్ కన్నా, వాస్తు కన్నా ఇదే పెద్దది.

విద్యార్థిని ప్లానుని మళ్లీ ముందేసుకుంటుంది. హాల్లోకి తెరుచుకునే ఉమ్మడి బాత్‌రూమ్‌కీ చిన్న గదికీ మధ్య ఒకే గోడ ఉందని అప్పుడు కళ్లబడుతుంది. స్తంభాలూ దూలాల జోలికి పోకుండా, ఇంజినీరు సరేనన్నాక ఆ ఇటుకగోడలో ఇంకో తలుపు పెడితే? ఇరవై నాలుగు అడుగులు కాస్తా ఆరవుతాయి. వాష్‌బేసిన్‌ని పక్కకి జరపాలి, పైపు కాస్త పొడిగించాలి, నీరు కారకుండా గోడకి పూత మళ్లీ వేయాలి. అంతే.

తలుపు మూడడుగుల వెడల్పు ఉండాలి... రేపెప్పుడైనా చక్రాల కుర్చీ అవసరమైతే పట్టేలా. బయటికి తెరుచుకోవాలి... లోపల మనిషి పడిపోతే, ఆ మనిషే తలుపుకి అడ్డమవుతుంది కాబట్టి! కమోడు పక్కన రెండున్నర, మూడడుగుల మధ్య ఎత్తులో కమ్మీ. గడప ఉండకూడదు. నేలకి జారని టైల్సు. మంచం దగ్గర ఒకటి, తలుపు దగ్గర ఒకటి, రెండు చోట్లా పనిచేసే స్విచ్చు. అరవై ఏళ్ల కంటికి ఇరవై ఏళ్ల కంటి కన్నా దాదాపు మూడింతల వెలుగు కావాలంటారు. కాబట్టి గోడ కింది భాగంలో రాత్రంతా వెలిగే చిన్న దీపం. వీటిలో ఏదీ ఖరీదైంది కాదు. గోడ కట్టాక కాకుండా, టైల్సు అంటించక ముందే ఆలోచించాలి. అంతే తేడా.

వాకిలి కనవడాలె...

ఇంటి ప్రాజెక్టులో ఇంకో పాఠం ఉంది. గీసే ముందు వినడం. ఇంట్లోవాళ్లని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, పొద్దున లేచింది మొదలు ఏం చేస్తారో అడిగి రాసుకోవాలి. మన ఫ్లాటులోని నాయనమ్మని అడిగితే ఏమంటుంది? ‘‘నాకు పెద్ద అర్ర ఎందుకు బిడ్డా? కూసుంటే వాకిలి కనవడాలె. వచ్చేటోళ్లు పోయేటోళ్లు కనవడాలె’’ అంటుంది. ఊళ్లో పాతింటి అరుగు మీద ఆమె చేసిన పని అదే మరి.

ఆ మాట విన్నాక ప్లాను చూస్తే, చిన్న గది తలుపుకి సూటిగా ఎదురుగానే సింహద్వారం ఉంది. మంచం అటు తిప్పితే చాలు... వాకిలి కనిపిస్తుంది. కానీ మధ్యలో ఆ పార్టిషను! పది రోజులు కూర్చుని గీసిన జాలీ. బోర్డు మీద అందరూ మెచ్చుకున్నది అదొక్కటే. దాన్ని తీసేయాలి.

డిజైన్ నేర్చుకునేవాళ్లకి కష్టమైన ఘట్టం ఇదేనట. కొత్తగా గీయడం తేలికే. బాగా వచ్చిందనుకున్నదాన్ని మనిషి కోసం చెరిపేయడం నేర్చుకోవడానికే నాలుగేళ్లు పడుతుంది.

టీవీ మాటేమిటి? దంపతుల గదిని ఆనుకుని ఉన్న గోడకి టీవీ పెడితే పగటి నిద్ర గల్లంతే. అందుకే ఎదురు గోడకి మారుతుంది. పడకగదిలో ఆ వైపు గోడ పొడవునా బట్టల అల్మరా వస్తుంది. నిండా బట్టలుంటే హాల్లోని చప్పుడు కొంతైనా తగ్గుతుంది. ఒక వస్తువుతో రెండు పనులు. కిటికీకి వెలుగు చొరబడని మందపాటి పరదా. కుట్టుమిషను బాల్కనీ వైపు కిటికీ కిందికి. మధ్యాహ్నం లైటు వేసుకోనక్కర్లేదు.

ఆమె వంట చేయలేదు!

వంటగది దగ్గరికొస్తే విద్యార్థులు తప్పకుండా చదివే కథ ఒకటుంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల కోసం కట్టే ఇళ్లకి ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ ఓ వంటగది తయారుచేసింది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంతే! ఇల్లాలు వేసే అడుగుల్ని లెక్కగట్టి, రైళ్లలో ఉండే చిన్న వంటగదుల్ని చూసి, ప్రతి డబ్బాకీ ఓ చోటు చూపించింది. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి అమ్మమ్మ అదే. విచిత్రం ఏమిటంటే, దాన్ని గీసేనాటికి తనకి వంట చేసిన అనుభవమే లేదని ఆమే తర్వాత చెప్పింది. చూసి, కొలిచి, అడిగి తెలుసుకుంది. విద్యార్థులకి ఆ కథ చెప్పేది అందుకే.

అయితే ఫ్రాంక్‌ఫర్ట్ కొలతలు మహేశ్వరంలో పనికిరావు. అక్కడ గ్రైండరు లేదు, గ్యాస్ బండ లేదు, పోపు పొగ లేదు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం వంటగది కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలి. అంటే 54 చదరపు అడుగులు. ఏడడుగులకి ఎనిమిదడుగుల గది అంటే ఆ గీత దాటీ దాటనట్టే. అందులోనే స్టవ్, సింకు, ఫ్రిజ్ ఓ త్రిభుజంలా అమరాలి. ఒక్కో భుజం నాలుగడుగులకి తగ్గకుండా, తొమ్మిది దాటకుండా చూసుకోవాలన్నది పాత సూత్రం. నాలుగుకి తగ్గితే ఇద్దరు నిలబడలేరు. తొమ్మిది దాటితే కాళ్లు పీకుతాయి.

గట్టు ఎత్తు ఎంతుండాలి? దానికి పుస్తకం అక్కర్లేదు. వంట చేసే మనిషి నిలబడి మోచెయ్యి వంచితే, అక్కడినుంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందకి. ఐదడుగుల ఇల్లాలికీ ఐదడుగుల ఎనిమిదంగుళాల ఇల్లాలికీ ఒకే గట్టు కట్టేసి, నడుం నొప్పని మందులు రాయించుకుంటున్నాం మనం!

ఇక సరుకు. మామూలు ఎం.ఆర్. రకం ప్లైవుడ్ కాస్త తేమని తట్టుకుంటుంది కానీ నీళ్లకి ఆగదు. సింకు కింద అరలకి మరిగే నీళ్లనీ తట్టుకునే బీడబ్ల్యూపీ రకం వాడాలి. ప్లైవుడ్ సాధారణంగా ఎనిమిదడుగులకి నాలుగడుగుల పలకల్లో వస్తుంది. అంటే 32 చదరపు అడుగులు. తలుపుల కొలతలు ఆ పలకకి సరిపోయేలా గీస్తే ముక్కలు వృథా కావు. నేలకి పాలరాయే కావాలా? పక్కనే తాండూరు బండ ఉంది. ఎండాకాలం చల్లగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నునుపెక్కుతుంది. కాబట్టి తడి చోట్ల మాత్రం గరుకుగా ఉన్నదే వేయాలి.

రెండో ప్రాజెక్టు: టిఫిన్ సెంటరు

ఇల్లు అయ్యాక కొట్టు. వాణిజ్య స్థలమంటే షోరూమో, బ్యాంకో, క్లినిక్కో, ఆఫీసో ఏదైనా కావచ్చు. మహేశ్వరం గేటు దగ్గర శ్రీశైలం రోడ్డు మీద ఓ టిఫిన్ సెంటరు అనుకుందాం. 20 అడుగుల ముఖం, 30 అడుగుల లోతు. 600 చదరపు అడుగుల షట్టరు. పొద్దున్నే షిఫ్టులకి వెళ్లేవాళ్లు, శ్రీశైలం బయల్దేరిన కార్లు, కాలేజీ పిల్లలు... గిరాకీకి కొదవలేదు.

ఇంటికీ దీనికీ తేడా ఏమిటి? ఇంట్లో ఉండే మనుషులు మనకి తెలుసు. కొట్టుకి వచ్చేది ఎవరో తెలియదు. అందుకే ఇక్కడ అంకెలే మాట్లాడతాయి.

యజమాని 32 కుర్చీలు కావాలంటాడు. లెక్క వేస్తే... వంటకి 200 చదరపు అడుగులు. క్యాష్ కౌంటరు, పార్సిళ్లు, చేతులు కడుక్కునే చోటు, సామాన్ల గది కలిపి 100. మిగిలింది 300. నడిచే దారితో కలిపి ఒక్కో మనిషికి 15 చదరపు అడుగులు వేసుకుంటే వచ్చేది 20 కుర్చీలే. 32 పెట్టాలంటే బల్లల మధ్య మూడడుగుల దారిని అడుగున్నరకి తగ్గించాలి. వేడి సాంబారు బకెట్‌తో కుర్రాడు ఆ సందులోంచి ఎలా వెళతాడు?

మరి యజమానికి ఏం చెప్పాలి? ‘కుదరదు’ అంటే ప్రాజెక్టు ఫెయిలైనట్టే. విద్యార్థి ఇంకో లెక్క తీయాలి. కూర్చున్న మనిషి ఇరవై నిమిషాల్లో లేస్తాడనుకుంటే 20 కుర్చీల మీద గంటకి 60 మంది తింటారు. నిలబడి తినేవాళ్లు పది నిమిషాల్లో ముగిస్తారు. కాబట్టి పదిమంది నిలబడే ఎత్తు బల్లలు పెడితే అక్కడా గంటకి 60 మందే! కుర్చీలు కొన్ని తగ్గించి గోడవారన నిలబడే బల్లలు వేస్తే గిరాకీ పెరుగుతుంది, దారీ మిగులుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల నిలబడి ఇడ్లీ తినడం ఎవరికి కొత్త?

పార్సిల్ కిటికీ బయటికే తెరుచుకోవాలి. లేకపోతే పార్సిల్ కోసం వచ్చినవాళ్లు తినేవాళ్ల నెత్తిమీద నిలబడతారు. చేతులు కడుక్కునే చోటు దగ్గర్లో ఉండాలి, తినేవాళ్ల కళ్లెదురుగా ఉండకూడదు. దోసె పెనం రోడ్డుకి కనిపించాలి... అంతకు మించిన బోర్డు లేదు కాబట్టి! దాని వేడి మాత్రం లోపలికి రాకుండా పైన పొగగొట్టం.

ఇంకోటి. కొట్టు రోడ్డు కన్నా అడుగు ఎత్తులో ఉందనుకోండి. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి సంగతేంటి? అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు వాలు కావాలన్నది నియమం. తలుపు ముందు కుర్చీ తిరగడానికి ఐదడుగులు. మొత్తం పదిహేడు. ఇరవై అడుగుల ముఖంలో మిగిలిన మూడడుగుల్లో రెండు మెట్లు. సరిగ్గా సరిపోయింది! 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే చోట్లన్నీ అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ఉదయం ఎనిమిదింటికి కాలు బెణికిన మామూలు మనిషికీ ఆ వాలే కావాలి.

దారి ఎక్కడ?

జ్యూరీలో ప్రతి వాణిజ్య ప్రాజెక్టునీ అడిగే ప్రశ్న ఇంకోటుంది. ‘మంటలంటుకుంటే జనం ఎటు నుంచి బయటపడతారు?’

ఈ ప్రశ్నకి జవాబు లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌కి బాగా తెలుసు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకి ఊపిరాడక ఆరుగురు బలయ్యారు. ఉద్యోగాల కోసం ఊళ్లనుంచి వచ్చిన పిల్లలే వాళ్లు. 2025 మే 18న గుల్జార్‌హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న భవనంలో 17 మంది ప్రాణాలు పోయాయి. అందులో పసిపిల్లలూ ఉన్నారు. లోపలికి వెళ్లే దారి ఇరుకు. ఇల్లూ కొట్టూ ఒకే కప్పు కింద ఉన్న చోట ఆ రెండు ప్రాజెక్టుల పాఠాలూ కలిసి అవసరమవుతాయని చెప్పడానికి ఇంతకన్నా చేదు ఉదాహరణ ఏముంటుంది?

అందుకే మన టిఫిన్ సెంటరులో వంటగదికి వెనక తలుపు తప్పనిసరి. గ్యాస్ బండలు గదిలో కాదు, బయట గాలి ఆడే చోట. ఆ వెనక దారిలో నూనె డబ్బాలూ ఉల్లిపాయ బస్తాలూ పేర్చకుండా సామాన్ల గది సరిపడా ఉండాలి. దారి గీయడం ఒక్కటే కాదు... అది మూసుకుపోకుండా చూడటం కూడా డిజైనే. మంటని తేలిగ్గా అంటుకునే ఫోమూ, ప్లాస్టిక్ పలకలూ పైకప్పుకి వాడకూడదు. చూడటానికి చక్కగా ఉన్నా సరే.

ఇంటి నుంచి హోటలుకి

ఇల్లు వ్యాపార స్థలంగా మారితే ఎలా ఉంటుందో చూడాలంటే శంషాబాద్ నుంచి నగరానికి వెళ్లే దారిలోనే గొప్ప ఉదాహరణ ఉంది. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్ తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది. ఏళ్ల తరబడి మూతబడి, మరమ్మతుల తర్వాత 2010లో హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. పాత గోడలు చెడకుండా వాటి వెనక కరెంటు తీగలూ, ఏసీ గొట్టాలూ, నీటి పైపులూ దాచడం మామూలు పని కాదు.

మరోవైపు విమానాశ్రయం. ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం 2008లో మొదలైన టెర్మినల్‌ని తర్వాత 3.4 కోట్ల మందికి సరిపోయేలా పెంచారు. చదువు రాని తల్లి కూడా గల్ఫ్‌లోని కొడుకు దగ్గరికి వెళ్లే విమానం ద్వారం దాకా ఎవరినీ అడక్కుండా వెళ్లగలగాలి. నేల రంగు, దీపాల వరస, బాణం గుర్తు... ఇవన్నీ దారి చూపించాలి. టిఫిన్ సెంటరులో పార్సిల్ కిటికీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే అక్కడ కోట్ల మందికి పెరిగింది.

చదవాలంటే...

ఇంటర్ అయ్యాక ఇంటీరియర్ డిజైన్‌లో డిగ్రీ కానీ డిప్లొమా కానీ చేయవచ్చు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది. అక్కడి లలితకళల కళాశాల చరిత్ర 1940 నాటిది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, సెప్ట్ విశ్వవిద్యాలయం ఈ రంగంలో పేరున్నవి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి 1972లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్ అనే సంఘం ఉంది. బొమ్మలు గొప్పగా వేయడం రాకపోయినా పర్లేదు. మనుషుల్ని గమనించే ఓపిక, లెక్కలంటే భయం లేకపోవడం, వడ్రంగి మాట వినే వినయం... ఈ మూడూ ఉండాలి.

టేపు తీయండి!

ఈ ఆదివారం మీరూ ఓ చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. పన్నెండడుగులకి పదడుగుల పడకగది ఉందనుకోండి. మంచం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు. తలవైపు పన్నెండడుగుల గోడకి ఆనిస్తే కాళ్లవైపు మిగిలేది మూడున్నర అడుగులు. అక్కడ రెండడుగుల లోతు అల్మరా పెడితే నడవడానికి అడుగున్నరే. తలుపు తెరిస్తే మంచానికి కొట్టుకుంటుంది. అదే తలవైపుని పదడుగుల గోడకి తిప్పండి. మంచానికి రెండువైపులా రెండేసి అడుగులు, కాళ్లవైపు అల్మరా పోను మూడున్నర అడుగులు మిగులుతాయి. గది అదే, మంచం అదే. పైసా ఖర్చు లేదు.

అలాగే ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల మంచం నుంచి బాత్‌రూమ్‌కి ఎన్ని అడుగులో ఓసారి లెక్కపెట్టండి. దారిలో ఏమేం అడ్డున్నాయో చూడండి. కాళ్లకి చుట్టుకునే చాప, మడత పడిన తివాచీ, మూలనున్న కుర్చీ... ఏదో ఒకటి కనిపిస్తుంది.

మహేశ్వరం ఫ్లాటులో నాయనమ్మ మంచం ఇప్పుడు వాకిలికి ఎదురుగా ఉంది. అట్టతో చేసిన నమూనాలోనే అనుకోండి! పెన్సిలు మొనంత ఉన్న ఆ అట్టబొమ్మ నాయనమ్మని మంచం మీద కూర్చోబెట్టి, తలుపు వైపు తిప్పి, ఆ విద్యార్థిని ఏం చెప్పాలి? జాలీ పార్టిషను ఏమైందని జ్యూరీ అడిగితే జవాబు ఒక్కటే... ‘‘తీసేశానండీ, ఆమెకి వాకిలి కనిపించడం లేదు!’’